సోమయాజులు గారు కొండవాళ్ళను అడిగిన రోజు

మస్కట్ పక్కన అల్ హైల్‌లో మా వీధి చివర ఉండే పళ్ళ డాక్టరమ్మ నా దవడపన్ను మీద యంత్రం ఆనించగానే, చిమ్మిన చల్లటి నీళ్ళతో పాటు నోట్లోంచి ఒక వాసన లేచింది. తడిసిన రాతిపొడి వాసన. దాని వెంటే తలలోపల సన్నగా, పట్టు వదలని ఒక కూత. ఆ పన్నును డాక్టరమ్మ ఏమనుకుందో తెలియదు గానీ, నా అంచనాలో అది కోటగుమ్మానికి వాడదగ్గ రాయి. సగం అరగదీశాక ఆవిడ నా వైపు వంగి, "నొప్పిగా ఉందా, ఆపమంటారా?" అంది. నోటినిండా ఇనుపసామాను ఉన్నవాడు జవాబెలా చెబుతాడు? కళ్ళు మూసుకున్నాను. నోరు ఖాళీగా ఉన్నప్పుడు అడగాల్సిన మాటను నిండాక అడిగినందుకు ఆవిణ్ణి ఉతికి ఆరేసే మనిషి ఒకరు గుర్తొచ్చారు. ఆయన పేరు సోమయాజులు. పిఠాపురం మనిషి. రుసైల్ పారిశ్రామికవాడలో నేను పనిచేసే రాళ్ళ ఫ్యాక్టరీకి అప్పట్లో మేనేజరు.

ఒమన్‌కు ఆయన ముందొచ్చారా, కొండలు ముందొచ్చాయా అన్నది మా ఫ్యాక్టరీలో చివరిదాకా తేలలేదు. పొద్దున్నే ముందు ఆయన మీసం డ్యూటీకి వచ్చేది, కాసేపటికి వెనకాల ఆయన వచ్చేవారు. ఆయన గొంతెత్తితే రంపాల మోత సిగ్గుపడి తగ్గేది. ప్రహరీ అవతల బిస్కెట్ ఫ్యాక్టరీలో బిస్కెట్లు విరిగేవని మాకు గట్టి నమ్మకం. మంచివాడని చెప్పడానికి ఆధారాలు తక్కువ. సెలవు అడిగితే మొహం మాడ్చేవారు. మెచ్చుకోవడమన్నది ఒంట్లో ఒకే సీసా రక్తం ఉన్నవాడు దానం చేసినట్టు చేసేవారు. కాని ఆయన దగ్గర ఒక వింత అలవాటుండేది. ఎవరిది ఏది ముట్టుకోవాలన్నా ముందు అడిగేవారు. క్లీనరు తెచ్చుకున్న స్టూలు మీద కూర్చోవాలన్నా అడిగేవారు. వాడు "వద్దు సార్, కాలు విరిగింది" అంటే నిలబడే ఫైళ్ళు చూసేవారు.

నేను చేరిన రోజున ఆయన బల్లమీది పెన్సిలు ఒకటి తీసుకున్నాను. రెండు గీతలు గీశానో లేదో, వెనకనుంచి ఉరిమింది.

"అడిగావా?"

"పెన్సిలే కదండీ!"

"పెన్సిలు కాబట్టే అడగడం తేలిక నాయనా. ఏనుగైతే అప్పుడు మొహమాటపడుదువు గాని. పెట్టు అక్కడ. ఇప్పుడు అడుగు."

పెట్టాను. అడిగాను. "ఇవ్వను" అన్నారు. అని, టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆ పూటంతా నేను బాల్‌పెన్నుతో గీశాను. నన్ను ఏడిపించడానికే అలా చేశారని చాలాకాలం అనుకున్నాను. ఇప్పటికీ సగం అలాగే అనుకుంటున్నాను.

నా పని రాతిమీద చెక్కాల్సిన మాటలను కంప్యూటరులో అమర్చడం. చెక్కే యంత్రం దగ్గర జగిత్యాల లింగన్న ఉండేవాడు. మేమిద్దరం ఏం చెక్కినా సోమయాజులు గారి శాసనం ఒకటుండేది: మిగతా అక్షరాలన్నీ అయ్యాక పేరు ఆఖర్న చెక్కాలి. అదీ ఆ పేరుగల మనిషి వచ్చి, రాయి మీద చెయ్యి వేసి, సరే అన్నాకే. దీనికి వెనక ఒక చరిత్ర ఉందని లింగన్న చెప్పేవాడు. ఒకసారి ఇద్దరు అన్నదమ్ముల దుకాణానికి పాలరాతి బోర్డు చేశారట. ఇద్దరి పేర్లూ పక్కపక్కన ముచ్చటగా చెక్కి, పాలిష్ పట్టి ఉంచారు. తీసుకెళ్ళడానికి అన్నదమ్ములు రెండు వేరువేరు కార్లలో, వేరువేరు మొహాలతో వచ్చారు. ఆస్తితో పాటు బోర్డునూ మధ్యలోకి కోసి చెరో ముక్క ఇవ్వాల్సి వచ్చింది. "ఆ దినం సంది సారు పేర్లంటె జర భయపడుతడు" అనేవాడు లింగన్న. అది భయం కాదని నాకు తెలియడానికి మానవహక్కుల మ్యూజియం వాళ్ళు రావాల్సి వచ్చింది.

ఎక్కడో ఏడాదిలో సగం మంచులో మునిగి ఉండే ఒక దేశంలో కొత్తగా మానవహక్కుల మ్యూజియం కడుతున్నారు. గుమ్మం పక్కన గోడకు ఒక పెద్ద రాతిపలక పెట్టాలి. ఆ గోడ రంగుకు ఒమన్ కొండల్లోని తేనెరంగు రాయి సరిగ్గా నప్పుతుందని వాళ్ళ ఆర్కిటెక్టుకు తోచింది. పలక మీద రాయాల్సిన మాటలు వచ్చాయి: "మేము నిలబడి ఉన్న ఈ నేల తరతరాలుగా ఫలానా జనులది. వారు ఇక్కడే ఉన్నారు. వారి నేలమీద ఉన్నామన్న ఎరుకతో ఈ తలుపు తెరుస్తున్నాం." ఫలానా అన్నచోట అక్కడి ఆదిమజాతి పేరు. ఆ దేశాల్లో ఇప్పుడు ఇదొక ఆనవాయితీ అట. ఎవరి నేలను లాక్కున్నారో వాళ్ళ పేరు గుమ్మంలోనే చెప్పుకుంటారు. "నేల వాపస్ ఇస్తరా సార్?" అన్నాడు లింగన్న. లేదన్నాను. "మా ఊరి గుట్టను గ్రానైట్ కోసం మొత్తం తోడుకపోయిండ్రు. గట్ల పేరు రాసిన బోర్డన్న పెట్టలె" అని యంత్రం ఆన్ చేశాడు.

ఏనుగంత పలక వచ్చింది. ఏనుగే నయం, దానికి నడవడం వచ్చు. మాటలన్నీ చెక్కాం, ఆ జనుల పేరు ఉండాల్సిన చోట నున్నగా ఖాళీ వదిలి. సోమయాజులు గారు మ్యూజియానికి కబురు పెట్టారు: ఆ జాతివాళ్ళెవరైనా వచ్చి రాయిని తాకి సరే అనాలి. అంత దూరం ఎవరొస్తారని వాళ్ళు. అయితే కనీసం మాట్లాడించండని ఈయన. చివరికి వీడియో కాల్‌లో ఒక పెద్దావిడను కూర్చోబెట్టారు. జుట్టు రెండు జడలు, చేతిలో బకెట్టంత కాఫీ కప్పు, పక్కన మ్యూజియం అమ్మాయి. సోమయాజులు గారు చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, పలక పక్కన పెళ్ళికొడుకులా నిలబడి, మాటలన్నీ ఇంగ్లీషులో చదివి వినిపించారు.

ఆవిడ విని తల ఊపింది. "బానే ఉంది. ఇలాంటివి చాలా విన్నాను. ఇది కొంచెం పొట్టిగా ఉంది, అది నయం. అయితే ఆ రాయి ఎక్కడిది?"

"ఇక్కడిదేనమ్మా. లోపలి కొండల్లోది."

"ఆ కొండ ఎవరిది?"

సోమయాజులు గారు నా వైపు చూశారు. నేను లింగన్న వైపు చూశాను. లింగన్న కొండవైపు చూశాడు. ఎటు చూసినా కొండలే కదా.

"క్వారీకి లైసెన్సు ఉందమ్మా. అన్ని కాగితాలూ పక్కాగా ఉన్నాయి" అన్నారు సోమయాజులు గారు.

ఆవిడ నవ్వింది. కప్పులో కాఫీ తొణికేంతగా నవ్వింది. "మా నేలకూ అలాగే చెప్పారయ్యా! కాగితాలు పక్కాగా ఉన్నాయనే!" తర్వాత నవ్వు ఆపి, "ఆ కొండకింద ఎవరో ఉండే ఉంటారు. వాళ్ళను అడగండి. సరే అంటే మా పేరు చెక్కుకోండి. లేకపోతే వద్దు" అని కప్పు కింద పెట్టింది.

కాల్ అయిపోయాక సోమయాజులు గారు కుర్చీలో కూర్చున్నారు. మీసం ఒక్కసారిగా పాతబడినట్టనిపించింది. ఇన్నేళ్ళుగా పెన్సిలుకూ స్టూలుకూ అడుగుతూ వచ్చిన మనిషి, లారీల కొద్దీ కొండను అడక్కుండానే కోశారు.

అర్బాబ్, అంటే యజమాని, తీరిగ్గా విన్నాడు. ఒమన్ మనిషి, మాతో హిందీలో మాట్లాడతాడు, ఆ హిందీకి వ్యాకరణం గుదిబండ లేదు. "సోమాజీ, పత్థర్ కో పూఛేగా? పహాడ్ కో పూఛేగా? కల్ సముందర్ కో భీ పూఛేగా?" అన్నాడు, రాయినీ కొండనూ అడిగాక రేపు సముద్రాన్నీ అడుగుతావా అని. సోమయాజులు గారు కొండకింద వాళ్ళను అడిగి వస్తానన్నారు. అర్బాబ్ మొహంలో నవ్వు పోయింది. "షిప్ నై రుకేగా. కంటైనర్ జాయేగా. నై తో తుమ్ జాయేగా" అన్నాడు. ఇంత చక్కగా కుదిరిన వాక్యం అతని నోట నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. ఓడ కదిలేలోపు కొండవాళ్ళు సరే అనాలి. లేకపోతే ఈయన ఉద్యోగం లేదు. పిఠాపురంలో ఇంటిమీద అంతస్తు సగంలో ఉందనీ, ఇనుపచువ్వలు ఇంకా ఆకాశంవైపు చూస్తున్నాయనీ మా అందరికీ తెలుసు.

మర్నాడు పలకను క్రేన్ ఉన్న లారీ మీదికి ఎక్కించాం. "చూపించకుండా అడగడమేమిటి?" అన్నారాయన. లింగన్న నడిపాడు, నేను మధ్యలో నలిగాను, ఆయన కిటికీ పక్క. నున్నటి రోడ్డు పోయి కంకరరోడ్డు వచ్చింది. కంకరరోడ్డు పోయి మా వెన్నుపూసలు ఒకదానితో ఒకటి పరిచయం చేసుకునే రోడ్డు వచ్చింది. చివర ఒక కొండ, దాని పక్కటెముకలో క్వారీ కొరికిన గుంట, కింద సిమెంటు ఇటుకల ఇల్లు, ఇంటికంటే ఎక్కువగా మేకలు. ఆ ఇంటి పెద్ద ఉమ్ సయీద్, అంటే సయీద్ తల్లి. మొహమంతా ఎండ గీసిన గీతలు. కొడుకు సయీద్ చాప పరిచి కాఫీ తెచ్చాడు.

ఇక్కడ ఒక మర్యాద చెప్పాలి. ఒమన్‌లో ఇలాంటి ఇళ్ళకు వెళితే కూర్చోగానే ఇంటివాళ్ళు "కబురేమిటి?" అని అడుగుతారు. వచ్చినవాడు "కబురేం లేదు, అంతా మంచిదే" అనాలి. ఇల్లు కాలిపోతున్నా సరే, ముందు అనాల్సింది అదే. కాఫీ, ఖర్జూరాలు అయ్యాకే అసలు సంగతి. సోమయాజులు గారికి అది ఊపిరంత అలవాటు. నేను మాత్రం రుసైల్‌లో రాళ్ళమధ్య అరబ్బీ నేర్చుకున్నవాణ్ణి. పైగా దారిపొడుగునా వాక్యాలు బట్టీపట్టి ఉన్నాను. ఉమ్ సయీద్ వరసలో ముందున్న నన్ను చూసి "కబురేమిటి?" అంది. అడిగింది కదా అని చెప్పేశాను. మీ కొండరాయి కోశాం, అది ఓడెక్కి ఫలానా దేశం వెళ్ళాలి, మీరు సరే అంటే చాలు, ఓడకు టైమవుతోంది.

మేకలు నమలడం ఆపాయి. సయీద్ చేతిలోని కాఫీకూజా నుంచి ధార గాల్లోనే ఆగిపోయిందని నేను ప్రమాణం చేయగలను. సోమయాజులు గారు కళ్ళు మూసుకున్నారు.

ఉమ్ సయీద్ ఆయన్ను అడిగింది. "ఈ పిల్లవాడికి తల్లి లేదా?"

"ఉందమ్మా. నేర్పింది. వీడు నేర్చుకోలేదు." అప్పటికే నా జుట్టు సగం నెరిసింది.

ఆవిడ నేను నోరే తెరవనట్టు ఆయనవైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టింది. "కబురేమిటి?"

"కబురేం లేదమ్మా. అంతా మంచిదే."

"అంతా మంచిదేనా?"

"మంచిదే."

సయీద్ కాఫీ పోశాడు. వానల గురించి, మేకల గురించి, సయీద్ పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. అప్పుడు సోమయాజులు గారు మెల్లగా అంతా చెప్పారు. మ్యూజియం, పలక, రెండు జడల పెద్దావిడ, ఆవిడ వేసిన ప్రశ్న. ఓడ గురించి చెప్పలేదు. తన ఉద్యోగం గురించి అసలే చెప్పలేదు.

ఉమ్ సయీద్ లేచి లారీ దగ్గరికి వెళ్ళింది. లింగన్న పలకను కిందికి దించాడు. ఆవిడ చెంబుతో నీళ్ళు తెచ్చి దానిమీద పోసి, తేనెరంగు తేలేదాకా అరచేత్తో రాసింది. "నీడవైపు రాయి ఇది" అంది. "వాన పడితే మేకలు అక్కడ దాక్కునేవి. ఇప్పుడు అక్కడ గుంట ఉంది." సోమయాజులు గారు చెక్కిన మాటలను ఒక్కొక్కటే అరబ్బీలో చెప్పారు. పేరుండాల్సిన ఖాళీ దగ్గర ఆవిడ వేలు ఆగింది. అక్కడేం రావాలో చెప్పారు.

"అడగమన్నది ఆ దేశం ఆవిడేనా?"

"అవునమ్మా."

"నువ్వు కాదు."

"నేను కాదు."

"ఇన్నాళ్ళూ కోస్తున్నప్పుడు నీకు తోచలేదా?"

"తోచలేదమ్మా."

ఆవిడ కాసేపు గుంటవైపు చూసి, "అయితే వద్దు" అంది.

కోపంగా అనలేదు. ఇంకో కప్పు కాఫీ వద్దన్నంత మామూలుగా అంది. తర్వాత ఆవిడే చెప్పింది: "కోసినవాళ్ళు నన్నెప్పుడూ అడగలేదు. అందుకని నాకు వద్దని చెప్పే వీలు ఎప్పుడూ రాలేదు. ఇవాళ అడిగారు. వద్దంటున్నాను. భోజనం చేసి వెళ్ళండి."

నేను వెంటనే బేరానికి దిగాను. అమ్మా, రాయి ఎలాగూ కోసేశాం, అక్కడ పెడితే మీ కొండకే గౌరవం, కావాలంటే మీ పేరూ కింద... సోమయాజులు గారి చెయ్యి నా భుజం మీద పడింది. క్రేన్ పడినట్టే పడింది.

"కూర్చో. అడిగాం. చెప్పింది."

"అది కాదండీ, మీ ఉద్యోగం..."

"ఆవిడ సరే అంటుందని తెలిసి అడిగితే అది అడగడం కాదురా, చెప్పిరావడం. నోరు మూసుకుని అన్నం తిను."

ఆయన తిన్నారు. నేను చూసిన భోజనాలన్నింటిలో అది అతి పెద్దది. సయీద్ పళ్ళెం నింపుతూనే ఉన్నాడు, ఆయన ఖాళీ చేస్తూనే ఉన్నారు. లింగన్న, "సారూ, కొలువు ఎట్లనూ పోతుందనా, గీంత గనం తింటున్నరు?" అని అడిగాడు. "మాంసం బావుందిరా" అన్నారాయన. పిఠాపురం సోమయాజులు అంతకు ముందు మాంసం ముట్టలేదన్న సంగతి నాకూ లింగన్నకూ అదే క్షణంలో గుర్తొచ్చింది.

లేచేటప్పుడు ఆయన పలకవైపు చూపించి, "ఇది ఎక్కడ పెట్టమంటారమ్మా?" అన్నారు. ఆవిడ తెల్లబోయింది. రాయిని వెనక్కి ఇమ్మని ఆవిడ అడగలేదు. అలాంటిది జరుగుతుందని అనుకున్నట్టూ లేదు. కాసేపటికి తేరుకుని, నీళ్ళతొట్టి పక్కన నీడ చూపించింది. లింగన్న అంత జాగ్రత్తగా క్రేన్ తిప్పడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కొండకింద, ఇంగ్లీషు రానివాళ్ళ ముంగిట్లో, ఈ నేల తరతరాలుగా ఫలానావాళ్ళదని చెప్పే పలక, ఫలానా దగ్గర నున్నగా ఖాళీతో నిలబడింది. మేము లారీ ఎక్కేలోపే ఒక మేక వచ్చి దానికి ఒళ్ళు రుద్దుకుంది.

మ్యూజియం వాళ్ళు చివరికి ఆ పెద్దావిడ బంధువులే ఇచ్చిన చెక్కతో పలక చేయించుకున్నారు. జరిగింది చెబితే ఆవిడ ఎంతోసేపు నవ్విందనీ, భోజనంలో ఏం పెట్టారని అడిగిందనీ మ్యూజియం అమ్మాయి మాకు రాసింది. కొండ విషయానికి వస్తే, క్వారీ ఆగలేదు. మా ఫ్యాక్టరీ ఆ రాయి కొనడం మానేసింది, ఇంకో ఫ్యాక్టరీ కొంటోంది. కొండకు తేడా తెలిసి ఉంటుందని నేను అనుకోను. సోమయాజులు గారి కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. పేరు ఆఖర్నే చెక్కుతున్నాం. రాయి తేవడానికి కొత్త కొండకు వెళ్ళినప్పుడు, కింద ఎవరుంటున్నారో కనుక్కుని, చాపమీద కూర్చుని, కబురేం లేదని చెబుతున్నాను. కొందరు సరే అంటారు. వద్దన్నవాళ్ళు కూడా ఉన్నారు. లారీ ఖాళీగా తిరిగొచ్చిన రోజు అర్బాబ్ నా వైపు చూసే చూపు మీద ఒక నవల రాయవచ్చు.

పలక ఏమైందో చెప్పి, ఆయన ఉద్యోగం ఏమైందో చెప్పలేదేమని మీకు అనిపించి ఉంటుంది. మేము కొండనుంచి తిరిగొచ్చిన మర్నాడు అర్బాబ్ సోమయాజులు గారిని తన గదిలోకి పిలిచాడు. వెంట నేనూ వెళ్ళాను. తలుపు వేశారు. తలుపు తీసేటప్పటికి ఆయన మా మేనేజరు కారు. మధ్యలో ఏం జరిగిందో, ఎవరు ఎవరితో ఏమన్నారో, ఎవరి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయో ఒక్క మాట పొల్లు పోకుండా నాకు గుర్తుంది. గోరంతను కొండంత చేసి బతికేవాడికి, గోరంత కూడా కలపనక్కర్లేని సన్నివేశం జీవితంలో ఒకటి దొరకడమే గొప్ప.

పన్ను కట్టించుకుని ఇంటికొచ్చిన సాయంత్రమే పిఠాపురం ఫోన్ చేశాను. వాచిన దవడతో ఈ వ్యాసం సంగతి చెప్పి, ఇదంతా రాయవచ్చా అని అడిగాను. ఫ్యాక్టరీ గురించి రాసుకోమన్నారు. మీసం గురించి రాసుకోమన్నారు. మాంసం గురించి కాసేపు ఆలోచించి, రాసుకో, మా ఆవిడకు ఎలాగూ తెలుసన్నారు. చివర్న ఆ గదిలో జరిగింది రాయనా అని అడిగాను.

"అది వద్దురా" అన్నారు.

రాయడం లేదు.